కమాను ఎవరి సొత్తు? కార్డోబా చూడబోతున్న మీకు ఒక పొడుగు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మేలో మీరు కుటుంబంతో స్పెయిన్ వెళ్తున్నారు. కార్డోబాలో పెద్ద మసీదు, దాని కడుపులో ఒక కెథడ్రల్ ఉన్నాయని చదివి ఆ సంగతి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అంతే, గ్రూపు రెండుగా చీలింది. మీ బాబాయిగారు ‘వాళ్లకి సొంతంగా కట్టడం ఎక్కడొచ్చు, చర్చిలు లాక్కుని మసీదులు చేసుకున్నారు’ అన్నారు. మీ బావగారేమో ‘యూరప్ గోతిక్ చర్చిలన్నీ అరబ్బుల దగ్గర కాపీ కొట్టినవే’ అన్నారు. (గోతిక్ అంటే మొనదేలిన కమానులతో ఎత్తుగా లేచే పాత యూరప్ చర్చిల శైలి.) ఇందులో ఏది నిజమని అడిగారు.

ఇరవై రెండేళ్లుగా ఆర్కిటెక్చర్ పిల్లలకి చరిత్ర పాఠం చెప్తున్నాను. కార్డోబా రెండుసార్లు చూశాను. ఈ ప్రశ్న ఏటా క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు, నేనూ ఏటా ఒకటే చెప్తాను. ఇద్దరి మాటలోనూ ఓ ముక్క నిజం ఉంది కానీ, ప్రశ్న వేసుకున్న తీరులోనే తిరకాసుంది. పాత కట్టడం ముందు నిలబడి ‘ఇది ఏ మతానిది’ అంటే ఒక్క మాటలో జవాబొచ్చి, కథ అక్కడితో ఆగిపోతుంది. ‘దీన్ని కట్టించినవాడు ఎవరి మీద పంతం పట్టి కట్టించాడు’ అని అడిగి చూడండి.

ముందు యెరూషలేం సంగతి చెప్తాను, అక్కడ పంతం గోడ మీదే రాసి ఉంది కాబట్టి. బంగారు గుమ్మటంతో ఫొటోల్లో కనిపించే డోమ్ ఆఫ్ ది రాక్‌ని డమాస్కస్ నుంచి ఏలిన ఉమయ్యద్ వంశపు ఖలీఫా అబ్దుల్ మాలిక్ 691-92లో పూర్తి చేయించాడు. ఆ ఊరు ముస్లింల చేతికొచ్చి అప్పటికి యాభై ఏళ్లు దాటింది. అయినా ఊళ్లో అందరి చూపూ పడేది క్రీస్తు సమాధి మీద కట్టిన చర్చి గుమ్మటం మీదే. అబ్దుల్ మాలిక్ తన గుమ్మటాన్ని ఇంచుమించు అదే కొలతకి, సుమారు 20 మీటర్ల అడ్డకొలతతో లేపించాడు. ఎనిమిది మూలల ప్లాను, లోపల మొజాయిక్, గోడలకి పాలరాతి పలకలు, అన్నీ బైజాంటియన్, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ రాజ్యపు చర్చిల పద్ధతే. ఆ ప్రాంతపు పనివాళ్ల చేతికి అలవాటైన పని అది. కానీ లోపల కమానుల పైన సుమారు 240 మీటర్ల పొడవున సాగే అరబ్బీ రాత ఏం చెప్తోందో చూడండి: మర్యం కొడుకు యేసు దేవుడి దూత, ‘ముగ్గురు’ అనకండి, దేవుడు ఒక్కడే. చర్చి వేషం వేసుకుని మరీ చర్చికే ఎదురు చెప్పాడన్నమాట. పంతం క్రైస్తవుల మీద ఒక్కటే కాదు. మక్కా అప్పటికి ఇబ్న్ అల్ జుబైర్ అనే పోటీ ఖలీఫా గుప్పిట్లో ఉంది, 692 దాకా అక్కడి నుంచి అతను కదల్లేదు.

తమాషా ఏంటంటే, 1099లో క్రూసేడర్లు, అంటే యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ సైన్యాలు, ఆ ఊరిని పట్టుకున్నాక ఈ కట్టడాన్నే ‘ప్రభువు ఆలయం’ అని పేరు పెట్టి చర్చిగా వాడుకున్నారు. 1187లో ముస్లిం సుల్తాను సలాదిన్ తిరిగి గెలిచేదాకా దాని మీద శిలువ ఉంది. యూరప్ చిత్రకారులు చాలాకాలం సొలొమోను ఆలయం ఇలాగే ఉండేదనుకుని దీని బొమ్మే గీసేవారు.

ఇక కార్డోబా. 750లో అబ్బాసీలనే పోటీ వంశంవాళ్లు తిరగబడి ఉమయ్యద్ వంశాన్ని దాదాపు తుడిచిపెట్టారు. ఇరవై ఏళ్ల ఒక యువరాజు తప్పించుకుని, ఉత్తర ఆఫ్రికా మీదుగా ఏళ్ల తరబడి దాక్కుంటూ స్పెయిన్ చేరాడు. 756లో కార్డోబాలో అమీరు అయ్యాడు. ఇతనే మొదటి అబ్దుల్ రహ్మాన్. అక్కడ ఒక ఖర్జూర చెట్టుని చూసి ‘నువ్వూ నాలాగే అయినవాళ్లకి దూరంగా పరాయి నేల మీద పడ్డావు’ అని కవిత చెప్పాడంటారు. డమాస్కస్‌లో తాతల ఇల్లు పోయినవాడు కదా. 785 ప్రాంతంలో మసీదు మొదలుపెట్టినప్పుడు అతని మనసులో ఉన్నది డమాస్కస్, ఎదురుగా ఉన్న శత్రువు అబ్బాసీల బాగ్దాద్. చుట్టూ ఉన్న క్రైస్తవుల్ని గెలవడం అప్పటికే అయిపోయింది. తోటి ముస్లింల ముందు ‘మేమింకా చావలేదు’ అని చెప్పుకోవడమే మిగిలింది.

మీ బాబాయిగారి మాటలో నిజం ఉన్నది ఇక్కడే. ఆ స్థలంలో సాన్ విసెంటే అనే చర్చి ఉండేదనీ, మొదట్లో రెండు మతాలవాళ్లూ చెరిసగం వాడుకున్నారనీ, తర్వాత అమీరు డబ్బిచ్చి క్రైస్తవుల సగం కూడా కొన్నాడనీ అరబ్ చరిత్రకారులే రాశారు. నేల కింద పాత కట్టడాల పునాదులు దొరికాయి కూడా. అవి ఆ చర్చివా, పక్కనున్న బిషప్ నివాసానివా అన్న తగువు పురావస్తువాళ్ల మధ్య ఇప్పటికీ తెగలేదు.

‘సొంతంగా కట్టడం ఎక్కడొచ్చు’ అన్న మాట మాత్రం, లోపల అడుగుపెట్టిన మరుక్షణం ఎవరైనా వెనక్కి తీసుకోవాల్సిందే.

ఏ స్తంభం దగ్గరికైనా వెళ్లి కిందికి చూడండి. మొదటి భాగంలో వాడినవి పాత రోమన్ కట్టడాల నుంచి, ముస్లింలకి ముందు స్పెయిన్‌ని ఏలిన విసిగోతుల చర్చిల నుంచి తెచ్చిన స్తంభాలు. ఒకటి గులాబీ రంగు పాలరాయి, పక్కది నల్ల రాయి. ఒకదాని తలకట్టు మీద ఆకులు చెక్కి ఉంటాయి, ఇంకోదాని తలకట్టు సాదాగా ఉంటుంది. పొడుగులు కూడా సమానం కావు. మేస్త్రి పొట్టివాటి కింద పీట వేశాడు, పొడుగువాటిని నేలలోకి దించాడు. అలా సర్దినా ఒక్కోటి మహా అయితే మూడు మీటర్లు. అంత పెద్ద హాలుకి అంత తక్కువ ఎత్తులో కప్పు వేస్తే గోదాములా ఉంటుంది.

అక్కడ చేసిన ఉపాయం చూసి నేను మొదటిసారి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. స్తంభం తల మీద ఇంకో రాతి దిమ్మ నిలబెట్టారు. పైన ఒక కమాను, దాని కిందుగా గాలిలో ఇంకో కమాను. పై కమాను కప్పుని మోస్తుంది. కింది కమాను కప్పు బరువు మోయదు, స్తంభాలు అటూ ఇటూ ఒరిగిపోకుండా పట్టి ఉంచడమే దాని పని. మన తాపీమేస్త్రి పొడుగాటి పిల్లర్ల మధ్య టై బీమ్ వేస్తాడే, అదే లెక్క. రెండు కమానుల మధ్య గోడ లేదు, ఖాళీ. అందుకే ఎటు చూసినా చూపు ఆగదు. ఎర్ర ఇటుకలు, తెల్ల రాయి ఒకదాని తర్వాత ఒకటి పేర్చడం వల్ల ఆ చారలు. ఈ చారలూ, అంతస్తుల కమానులూ మెరిదాలో రోమన్లు నీళ్ల కోసం కట్టిన వంతెన మీద అప్పటికే ఉన్నాయి. డమాస్కస్ పెద్ద మసీదులోనూ రెండంతస్తుల కమానుల వరసలున్నాయి. ఊళ్లో రోమన్ ఇంజనీరింగ్, మనసులో తాతల ఊరు. ఆ రెండూ కలిసి ఎక్కడా లేని మూడోది పుట్టింది. దీన్ని కాపీ అనడానికి నాకు నోరు రాదు.

పెద్దపెద్ద మార్పులు 10వ శతాబ్దంలో వచ్చాయి. 909లో ఉత్తర ఆఫ్రికాలో ఫాతిమీలు తామే ఖలీఫాలమన్నారు. వాళ్లు షియాలు. పక్కింటివాడు ఖలీఫా అయితే మనమెందుకు తగ్గాలని 929లో మూడో అబ్దుల్ రహ్మాన్ కూడా ఖలీఫా బిరుదు పెట్టుకున్నాడు. మసీదుకి కొత్త మీనారు కట్టించాడు. అతని కొడుకు రెండో అల్ హకం 962 నుంచి హాలుని దక్షిణంగా పెంచి, చివర ఇప్పుడు అందరూ ఫొటోలు తీసుకునే మిహ్రాబ్‌ని కట్టించాడు. మిహ్రాబ్ అంటే మామూలుగా మసీదులో ప్రార్థన దిక్కు చూపే గోడలో ఒక గూడు. ఇక్కడ అది ఏకంగా ఓ చిన్న గది. చుట్టూ బంగారు మొజాయిక్. ఆ పని తెలిసిన మనిషిని పంపమని హకం అడిగింది ఎవర్నో తెలుసా? కాన్‌స్టాంటినోపుల్‌లోని క్రైస్తవ చక్రవర్తిని. ఆయన ఒక పనివాణ్ణీ, దాంతోపాటు 320 క్వింటాళ్ల మొజాయిక్ బిళ్లల్నీ కానుకగా పంపాడని ఇబ్న్ ఇధారి అనే చరిత్రకారుడు రాశాడు. పూర్వం డమాస్కస్ మసీదుకి కూడా బైజాంటియం నుంచి ఇలాగే సాయం వచ్చిందని అప్పటివాళ్లు చెప్పుకునేవారు. కాబట్టి ఆ బిళ్లలు తెప్పించడమంటేనే ‘మేము డమాస్కస్ వారసులం’ అని చాటుకోవడం. హకంకీ ఆ చక్రవర్తికీ ఉమ్మడి ఇబ్బంది కూడా ఉంది. అబ్బాసీలు, ఫాతిమీలు ఇద్దరికీ శత్రువులే. శత్రువుకి శత్రువు మిత్రుడు, మతం ఏదైతేనేం.

మిహ్రాబ్ ముందు నిలబడి తలెత్తి చూడటం మర్చిపోకండి. చిన్న గుమ్మటం కింద రాతి పక్కటెముకలు ఒకదాన్నొకటి దాటుకుంటూ నక్షత్రంలా అల్లుకుని ఉంటాయి. యూరప్‌లో రాతి పక్కటెముకల కప్పుకి పేరుపడ్డ ఇంగ్లండ్‌లోని డర్హమ్ కెథడ్రల్ మొదలైంది 1093లో, ఇవి 960లలోవి. కార్డోబా నుంచే డర్హమ్ కప్పు వచ్చిందని ఖాయంగా చెప్పే సాక్ష్యం లేదు, ఆ మాట మీ బావగారికి చెప్పండి.

చివరి విస్తరణ 987-88లో అల్ మన్సూర్ చేయించాడు. పేరుకి మంత్రి, నిజానికి ఏలిందంతా ఇతనే. ఖలీఫా ఉండీ లేనట్టే. అధికారం లాక్కున్నవాడికి భక్తి చూపించుకోవాల్సిన అవసరం ఎక్కువ కదా, అందుకే అందరికన్నా పెద్ద విస్తరణ ఇతనిదే. దక్షిణాన నది అడ్డం కాబట్టి తూర్పు పక్కకి ఎనిమిది వరసలు పెంచాడు. దాంతో మిహ్రాబ్ నట్టనడుమ లేకుండా ఓ పక్కకి పోయింది. 997లో ఇతనే శాంటియాగో డి కంపోస్టెలా మీద దండెత్తి అక్కడి చర్చి గంటల్ని కార్డోబాకి మోయించి, మసీదులో దీపాలుగా వేలాడదీయించాడంటారు. 1236లో కాస్టీల్ రాజు మూడో ఫెర్నాండో కార్డోబాని గెలిచాక చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఆ గంటల్ని ముస్లిం బందీల వీపుల మీద తిరిగి శాంటియాగోకి పంపించడం. పంతం అంటే ఇది.

గెలిచాక మసీదుని కెథడ్రల్‌గా మార్చారే గాని పడగొట్టలేదు. దాదాపు మూడొందల ఏళ్లు చిన్నచిన్న మార్పులతోనే నడిచింది. 1523లో బిషప్ అలోన్సో మన్రికె నడిమధ్యలో పెద్ద చర్చి లేపుతానన్నాడు. అడ్డుపడింది ముస్లింలు కాదు, ఊరి క్రైస్తవ నగర సభ. పనిలో చెయ్యిపెట్టినవాడికి మరణశిక్ష అని ఉత్తర్వు ఇచ్చారు. పంచాయితీ ఐదో చార్లెస్ చక్రవర్తి దగ్గరికి వెళ్లింది, ఆయన బిషప్ పక్షాన తీర్పిచ్చాడు. తర్వాత స్వయంగా వచ్చి చూసి ‘ఎక్కడైనా కట్టుకోగలిగేదాని కోసం ప్రపంచంలో ఎక్కడా లేనిదాన్ని పాడుచేశారు’ అని బాధపడ్డాడని చెప్పుకుంటారు. ఆ మాట నిజంగా అన్నాడో లేదో గాని, అదే చార్లెస్ 1527లో గ్రెనడాలోని అల్‌హంబ్రా మధ్యలో తనకో రాతి ప్యాలెస్ మొదలుపెట్టించాడు. చర్చి పని 1607 దాకా సాగింది.

ఆ చర్చే మసీదుని కాపాడిందని కొందరు గైడ్లు చెప్తారు. మొదట నాకు అది సర్దిచెప్పుకోవడంలా అనిపించింది. కానీ సెవిల్‌లో పెద్ద మసీదుని పడగొట్టి దాని మీదే కెథడ్రల్ కట్టారు. మిగిలింది ముంగిలి, హిరాల్డా అని పిలిచే మీనారు. అది గుర్తొస్తే గైడ్ల మాట తీసిపారేయలేం. ఇప్పటికీ కార్డోబాలో 850కి పైగా స్తంభాలు నిలబడే ఉన్నాయి.

సరే, కమానుల సంగతికొద్దాం. కార్డోబా కమానులు గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి. అందరూ ‘ఇస్లామిక్ కమాను’ అనేది వీటినే. కానీ ఉత్తర స్పెయిన్‌లో సాన్ హువాన్ డి బాన్యోస్ అనే విసిగోతుల చర్చి ఉంది. అక్కడి శాసనం 661 నాటిది. అంటే ముస్లింలు స్పెయిన్ రావడానికి యాభై ఏళ్ల ముందు. అందులో నాడా కమానులే! కార్డోబా మేస్త్రీలు ఆ నేల అలవాటునే ఎత్తుకుని తీర్చిదిద్దారు. తర్వాత కార్డోబా నుంచి ఉత్తరానికి వలసపోయిన సన్యాసులు లియోన్ దగ్గర సాన్ మిగెల్ డి ఎస్కలాడా కట్టారు. 913లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి నిండా మళ్లీ నాడా కమానులే, ఈసారి కార్డోబా మెరుగులతో.

ఇక గోతిక్‌కి ప్రాణమైన మొనదేలిన కమాను. ఇక్కడ మీ బావగారి మాటకి బలం ఉంది. కైరోలో ఇబ్న్ తూలూన్ మసీదు 879కల్లా పూర్తయింది, అందులో కమానులన్నీ మొనదేలినవే. యూరప్ చర్చిల్లో అది బాగా కనిపించేది రెండొందల ఏళ్ల తర్వాత. మరి ముస్లింలే కనిపెట్టారా అంటే, సిరియాలో కస్ర్ ఇబ్న్ వర్దాన్ అనే 6వ శతాబ్దపు బైజాంటియన్ కట్టడంలోనే కొద్దిగా మొనదేలిన కమానులున్నాయి. ఎవరు మొదలుపెట్టారన్న దారం పట్టుకుని వెనక్కి లాగితే అది ఎక్కడా తెగదు.

దాని గొప్ప ఏంటో కాగితం మీద గీసి చూడండి. గుండ్రటి కమాను ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగమే, మేస్త్రి చేతిలో ఏమీ లేదు. 6 మీటర్లు, 4 మీటర్లు ఉన్న గదికి రాతి కప్పు వేయాలనుకోండి. పొడుగు వైపు కమాను 3 మీటర్లు లేస్తుంది, పొట్టి వైపుది 2 మీటర్లే. మూల నుంచి మూలకి వేసేది 3.6 మీటర్లు. మూడు నెత్తులు మూడు ఎత్తుల్లో, కప్పు ఎక్కడా కలవదు. అదే మొన కమాను అయితే వెడల్పు ఎంతున్నా మనకి కావాల్సిన ఎత్తుకి లాగొచ్చు. మూడూ ఒకే ఎత్తులో కలుస్తాయి. పైగా పక్కలకి నెట్టే బలం తగ్గుతుంది. సెంట్రింగ్ కొట్టేవాణ్ణి అడిగినా చెప్తాడు, ఇందులో మతం లేదు, లెక్కే ఉంది.

ఈ కమాను ఫ్రాన్స్ చేరిన తొలి పెద్ద చోట్లలో ఒకటి బర్గండీలోని క్లూనీ మఠం. అక్కడ 1088లో మొదలైన మూడో చర్చి, రోమ్‌లో కొత్త సెయింట్ పీటర్స్ వచ్చేదాకా పశ్చిమ క్రైస్తవ ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దది, సుమారు 187 మీటర్ల పొడవు. డబ్బెవరిచ్చారు? పెద్ద దాతల్లో ఒకడు స్పెయిన్‌లోని లియోన్-కాస్టీల్ రాజు ఆరో అల్ఫోన్సో. ఏటా 2000 బంగారు నాణేలు ఇస్తానని మాటిచ్చాడు. అతనికి బంగారం ఎక్కడిది? కార్డోబా ఖలీఫాల రాజ్యం ముక్కలయ్యాక చిన్న ముస్లిం రాజులు ‘మా మీదికి రావద్దు’ అని కట్టిన కప్పమే అందులో చాలాభాగం. ముస్లిం రాజుల బంగారంతో క్రైస్తవుల అతిపెద్ద చర్చి! ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని రాళ్ల కోసం అమ్మేశారు, ఇప్పుడు ఓ మూల మాత్రమే నిలిచి ఉంది.

గోతిక్ పుట్టిల్లు అనేది పారిస్ పక్కన సెయింట్ డెనీ. మఠాధిపతి సుజేర్ కట్టించిన వెనక భాగం 1144 జూన్ 11న రాజు ఏడో లూయీ సమక్షంలో ప్రతిష్ఠ అయింది. ఫ్రాన్స్ రాజులకి సమాధులు అక్కడే. కానీ అప్పటికి ఆ రాజుల మాట చెల్లేది పారిస్ చుట్టుపక్కలే. చేతిలో రాజ్యం చిన్నదైనా గుడి పెద్దది కావాలి. నాకు సుజేర్‌లో నచ్చేది అతను స్వయంగా రాసుకున్న ఒక ముచ్చట. మంచి పాలరాతి స్తంభాలు దొరక్క, రోమ్‌లో పాత చక్రవర్తుల స్నానశాలల నుంచి ఓడలో తెప్పిద్దామా అనుకున్నాడట. దారిలో శత్రువులైన సారసెన్లకి, అంటే ముస్లింలకి, దారిసుంకం కట్టి అయినా సరే అని! చివరికి దగ్గర్లోనే పొంత్వాజ్ దగ్గర రాతిగని దొరికి ఆ అవసరం తప్పింది. మూడున్నర శతాబ్దాల ముందు కార్డోబాలో అబ్దుల్ రహ్మాన్ ఏరుకున్నదీ రోమన్ స్తంభాలే. ఒకడు అమీరు, ఇంకొకడు సన్యాసి. ఇద్దరి కన్నూ రోమ్ మీదే.

స్పెయిన్ ట్రిప్పులో సెవిల్ కూడా ఉంటే అల్‌కసార్ ప్యాలెస్ వదలకండి. 1364లో క్రైస్తవ రాజు పేద్రో కట్టించుకున్నది. గ్రెనడా సుల్తాను స్నేహితుడు కాబట్టి అక్కడి పనివాళ్లూ వచ్చారు. గోడల మీద అరబ్బీలో ‘మా సుల్తాను దొన్ పేద్రోకి కీర్తి’ అని ఉంటుంది. గ్రెనడా సుల్తానుల నినాదం ‘అల్లా తప్ప విజేత లేడు’ కూడా ఉంటుంది. యుద్ధానికి వెళ్లేది శిలువ పట్టుకునే, ఇల్లు మాత్రం పక్క సుల్తాను ఇల్లులా ఉండాలి, అప్పటి హోదా అది.

హైదరాబాద్‌లో ఉన్నానన్నారు కాబట్టి బయలుదేరే ముందు ఒక శనివారం బేగంపేటలో స్పానిష్ మసీదు చూసి రండి. పాయిగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా స్పెయిన్‌లో కార్డోబా చూసి ముచ్చటపడి మొదలుపెట్టించింది, 1906లో పూర్తయింది. లోపలి కమానులు చూస్తే అసలుది ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది.

కార్డోబాలో పొద్దున్నే, గుంపులు రాకముందు వెళ్లండి. మొదటి భాగం చూశాక తూర్పున అల్ మన్సూర్ భాగంలోకి నడిచి, ఒక కమాను కింద ఆగి ఎర్ర చారల్ని తేరిపార చూడండి. అక్కడ ఇటుక లేదు. అంతా రాయే, ఎర్ర రంగు పూశారు.